అబ్రాహాముది ఏ ఊరు?

నా చిన్నప్పటి వస్తువుల్లో చెదలకూ, తుపాన్లకూ, మా అమ్మ శుభ్రతకూ చిక్కకుండా మిగిలినది ఒకే ఒక్క నోటుపుస్తకం. అట్ట మీద నా పేరూ, దాని కింద ‘ఆరో తరగతి’ అనీ రాసి ఉంటుంది. లోపల స్కేలు పెట్టి గీసిన అయిదు నిలువు గడులు: క్రమసంఖ్య, పేరు, అర్థం, చెప్పినవారు, తేదీ. మొత్తం నలభై ఒక్క పేర్లు. నాలుగో గడిలో నలభై ఒక్కసార్లూ ‘తాతయ్య’ అనే ఉంటుంది. పై వరుసలో ఉన్నదే కింద కూడా వస్తే రెండు చుక్కలు పెట్టి సరిపెట్టుకోవచ్చని బడిలో చెప్పారు గాని, నాకు మనసొప్పలేదు. చుక్కలు ఎవరి పేరూ కావు. ఇప్పటికీ నా దినచర్య పుస్తకాల్లో అలాంటి చుక్కలు కనబడవు.

మా అమ్మమ్మగారి ఊరు కళింగపట్నానికి దగ్గర. వంశధార సముద్రంలో కలిసే చోటు నుంచి వచ్చే గాలి ఏ కాలంలోనైనా మా వాకిట్లో ఒక మూల దుమ్మును ఇంకో మూలకు మార్చి పోయేది. ఆ ఊళ్ళోనే ఉండి చదువుకున్నాను. మా తాతయ్య మిషను బడిలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, చర్చి సంఘంలో పెద్ద. ఆదివారం ఆరాధన ముగిసే ముందు అయిదు నిమిషాలు ఆయనవి. ఆ అయిదు నిమిషాల్లో బైబిలులోని ఒక ఊరి పేరు తీసుకుని, హెబ్రీ భాషలో దాని అర్థమేమిటో చెప్పేవారు. అందుకే ఊరంతా ఆయన్ని ‘ఎబ్రీ మాస్టారు’ అనేది. ఆయనకు హెబ్రీ అక్షరం ఒక్కటీ రాదన్న సంగతి ఎవరికీ తెలియదు. చాలాకాలం నాకూ తెలియదు.

ఆయన చెప్పిన అర్థాలు ఎంత బాగుండేవో! బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు. బేతేలు అంటే దేవుని ఇల్లు. గెత్సేమనే అంటే నూనె గానుగ. బేత్సయిదా అంటే చేపలు పట్టేవారి ఇల్లు అని చెప్పిన ఆదివారం, వెనక వరుసల్లో కూర్చున్న మా చేపల వేటగాళ్ళు ఒకరి మోచేతిని ఒకరు పొడుచుకుని, యేసుప్రభువు శిష్యులు తమ చుట్టాలేనని తేల్చుకున్నారు. ఆ వారమంతా మా వీధిలో ఎండు చేపల వాసనను ఎవరూ తప్పు పట్టలేదు.

మరికొన్ని అర్థాలు ఇంకా బాగుండేవి. హోరేబు కొండ మీద ఏలీయా ప్రవక్త పెనుగాలిని విన్నాడు కదా, హోరేబు అంటే హోరు. యెరికోకు వేగులవాళ్ళు వెళ్ళింది అక్కడి సంగతులు తెలుసుకోవడానికి, కనుక యెరికో అంటే ఎరిక. యాకోబు రాత్రంతా దేవదూతతో పెనుగులాడిన చోటు పెనూయేలు, అంటే పెనుగులాట. అబ్రాహాము మొర దేవుడు ఆలకించిన కొండ మోరీయా, అంటే మొర. ఇక అబ్రాహాము పుట్టిన పట్టణం పేరు ఊరు. ఊరు అంటే ఊరే. ఆ మాట చెప్పిన రోజున తాతయ్య ముఖం వెలిగిపోయింది. బాబెలు గోపురం దగ్గర భాషలు విడిపోయినప్పుడు హెబ్రీ ఒక దారిన, తెలుగు ఒక దారిన పోయాయనీ, రెండూ తోడబుట్టినవేననీ ఆయన సిద్ధాంతం. సంఘమంతా తలూపింది. నేను క్రమసంఖ్య వేసి రాసుకున్నాను.

ఇల్లు కట్టినా, పడవ చేయించినా, జనం పేరు కోసం ఆయన దగ్గరికే వచ్చేవారు. అలా వచ్చినవారిలో మా పక్కింటి అక్క ఒకరు. మిషను ఆసుపత్రిలో నర్సు. పెళ్ళైన నాటి నుంచి అత్తగారింట్లో, అత్తగారి వంటగదిలో, అత్తగారి గిన్నెల మధ్య బతికింది. ఎనిమిదేళ్ళకు మా పక్క జాగాలో తనకంటూ రెండు గదుల ఇల్లు కట్టుకుంది. అత్తగారికి ఆ ఇల్లంటే గిట్టలేదు. దానికి కారణంగా ఆవిడ చూపించింది నూతిని. తవ్విన కొత్తలో ఆ నూతి నీళ్ళు నోట పెట్టుకోలేనంత ఉప్పగా ఉండేవి.

“ఉప్పు నూతి కాడ కొంప కట్టుకున్నాదమ్మా మా కోడలు. పప్పులో ఉప్పెయ్యక్కర్నేదు. నాను మాత్రం ఆ గడప తొక్కను గాక తొక్కను” అని ఆవిడ వీధి వీధికీ చెప్పేవారు.

అక్క మనుషుల్ని పెట్టి నూతిని ఇంకో నాలుగు మూరలు తవ్వించింది. నీళ్ళు మారాయి. తియ్యగా కాకపోయినా తాగేట్టు అయ్యాయి. ఆ సంతోషంతో తడి చేతులతోనే మా ఇంటికి వచ్చి, “మాస్టారూ, మా యింటికో మంచి పేరు సెప్పండి. మా అత్త నోరు మూతడిపోవాల” అంది.

తాతయ్య కళ్ళు మూసుకున్నారు. తెరిచి, “మారా” అన్నారు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు తాగడానికి వీలుకాని నీళ్ళు దొరికాయి. మోషే ఒక చెట్టును అందులో వేయగానే ఆ నీళ్ళు మారాయి. ఆ చోటి పేరు మారా. కనుక మారా అంటే మారినది. ఆ నూతికి ఇంతకంటే అతికే పేరు లోకంలో ఉందా? అక్కకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. మర్నాడే తాపీమేస్త్రీ వసారా పైన జానెడేసి సిమెంటు అక్షరాలు రెండు పోశాడు. గృహప్రతిష్ఠ శనివారం. ప్రార్థన చేయడానికి బైబిలు పాఠశాలలో హెబ్రీ చెప్పే ఒక పాస్టరు అయ్యగారు వస్తున్నారు. ఆయనను పిలిపించింది కూడా తాతయ్యే. తన సిద్ధాంతాన్ని ఒక పండితుడికి వినిపించాలని ఆయనకు ఎన్నాళ్ళ నుంచో కోరిక.

ఆ రోజు పాటలూ ప్రార్థనలూ ఏ వరుసలో ఉంటాయో చెప్పే కూడిక క్రమం రాసే పని నాకు పడింది. ఒక్కొక్కటీ చేత్తో రాయాలి, మొత్తం పన్నెండు ప్రతులు. పైన ఇంటి పేరు, దాని కింద అర్థం. అక్క ఇంగ్లీషులో కూడా పేరు రాయమంది. అక్కడ నాకు చిక్కొచ్చింది. ఆ పేరు చివర ఇంగ్లీషు అక్షరం హెచ్ ఉంటుందా, ఉండదా? తప్పు రాస్తే పన్నెండుసార్లు తప్పు రాసినట్టు. తాతయ్య ఇంట్లో లేరు. ఆయన ట్రంకుపెట్టె అడుగున ఒక పాత పుస్తకం ఉంటుందనీ, వెనకటి మిషను దొరగారు వెళ్ళిపోతూ ఇచ్చారనీ నాకు తెలుసు. బైబిలు ఊళ్ళ పేర్లూ, వాటి అర్థాలూ ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉంటాయని ఆయనే చెప్పారు. గురువారం బడి నుంచి రాగానే పెట్టె తెరిచాను.

పుస్తకం బయటికి తీస్తే బరువు లేదు. ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి. జి అక్షరంలో గొల్గొతా దాకా పేజీలున్నాయి. ఆ తరువాత అట్ట ఉంది, అట్టకూ గొల్గొతాకూ నడుమ చెదల మట్టి ఉంది. పుస్తకం లేదు.

నేను నా నోటుపుస్తకం తెచ్చుకుని పక్కన పెట్టుకున్నాను. నలభై ఒక్క పేర్లలో జి లోపున్నవి ఇరవై మూడు. ఇరవై మూడూ పుస్తకంలో ఉన్నాయి, తాతయ్య చెప్పిన అర్థాలతో అక్షరాలా సరిపోయాయి. జి దాటినవి పద్దెనిమిది. హోరు, ఎరిక, మొర, పెనుగులాట, ఊరు: అన్నీ ఆ పద్దెనిమిదిలోనే. చెదలు తిన్న చోటి నుంచే హెబ్రీ భాష తెలుగులా వినబడడం మొదలైందన్నమాట. అది కనిపెట్టడానికి తెలివితేటలు అక్కరలేదు, కూడిక వస్తే చాలు.

మారా పద్దెనిమిదిలో ఉంది. అప్పుడు నాకు ఆదివారపు బడిలో చెప్పిన నయోమి కథ గుర్తుకొచ్చింది. మొగుడూ ఇద్దరు కొడుకులూ పోయి సొంత ఊరు చేరిన నయోమి, దేవుడు తన బతుకును చేదు చేశాడు కనుక ఇకమీదట తనను మారా అని పిలవమంది. అంటే మారా అంటే చేదు. పక్కింటి అక్క ఇంటి నుదుటి మీద, జానెడేసి సిమెంటు అక్షరాలతో, ‘చేదు’ అని రాయించాం. ఎల్లుండి దాన్ని హెబ్రీ వచ్చిన మనిషి చదవబోతున్నాడు. అక్క అత్తగారు వినబోతున్నారు. ఆవిడకు ఆ ఒక్క మాట దొరికితే ఇంక బతికినన్నాళ్ళూ వేరే మాట అక్కరలేదు.

అమ్మమ్మ వాకిట్లో ఎండు చేపలను తిరగేస్తోంది. పుస్తకమూ నోటుపుస్తకమూ రెండూ పట్టుకెళ్ళి, లెక్కతో సహా చెప్పాను. అమ్మమ్మ చేయి ఆగలేదు.

“ఇప్పుడా తెలిసింది నీకు? ఆ సెదలు పట్టింది మీ అమ్మకి పెళ్ళవక ముందు” అంది.

“మరి నువ్వు తాతయ్యకు చెప్పలేదా?”

“ఏటి సెప్తానే? ముప్పయ్యేళ్ళు పలకల మీద తప్పులు కొట్టేసినోడికి ‘నాకు తెల్దు’ అన్న మాట నోటంట వస్తాదేటి? జనం అడుగుతారు, ఈయన సెప్తాడు. ఇన్నాళ్ళూ దానివల్ల ఎవులి కొంపా మునగనేదు.” ఒక చేపను తిరగేసి, ఆలోచించి, “ఇప్పుడు మునుగుతాది” అంది.

నేను తాతయ్య దగ్గరకే వెళ్ళి తప్పు చూపిస్తానన్నాను. అమ్మమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. “సూపించకు. అడుగు. మాస్టర్లకి తప్పు సూపిస్తే మొండికేస్తారు. ప్రశ్నడిగితే మాత్రం ఆగలేరు, సెప్పేస్తారు.”

శుక్రవారం మధ్యాహ్నం బడికి సెలవు. తాతయ్య పెరుగన్నం దాకా వచ్చారు. అమ్మమ్మ నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేసింది.

“తాతయ్యా, నయోమి తనను మారా అని పిలవమంది కదా, ఆవిడ ఏం మారింది?” అన్నాను.

“మారడమేమిటే? భర్త పోయాడు, కొడుకులిద్దరూ పోయారు. ఆమె బతుకు చేదైపోయింది. చేదైపోయింది గనుకనే తనను మారా అని...”

ముద్ద కంచానికీ నోటికీ మధ్య ఆగిపోయింది. ఆయన దృష్టి ముద్ద మీద లేదు, నా మీద లేదు. కిటికీలోంచి కనబడుతున్న పక్కింటి వసారా మీద ఉంది.

“మజ్జిగ ఒయ్యనా?” అంది అమ్మమ్మ.

తాతయ్య మిగతా అన్నం తినలేదు. మా ఇంట్లో అది ఎంత పెద్ద విషయమంటే, ఆ సాయంత్రం నేను రాసుకున్న మొదటి వాక్యం అదే. వసారాలో పడక్కుర్చీలో కూర్చుని, రేపు పొద్దున్నకు సిమెంటు రాలిపోవడానికి ఏయే అవకాశాలున్నాయో ఆలోచించారు. వాన వస్తే? రాదు. మేస్త్రీని పిలిపించి చెక్కించేస్తే? ఎందుకని అక్క అడుగుతుంది. వచ్చే అయ్యగారికి చూపు మందగించి ఉంటే? ఆ ఆశతో కాసేపు ఆయన ముఖం తేరుకుంది.

“సిమెంటు ఎలగూ గట్టిపడిపోనాది. నీ నోరు గట్టిపడకుండా సూసుకో” అంది అమ్మమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ.

ఆయన ఆ సలహాను వినలేదు. చీకటి పడక ముందే పక్కింటికి వెళ్ళి, ప్రతిష్ఠ జరిగే ఇంటికి అలంకారం నిండుగా ఉండాలనీ, ముఖ్యంగా పేరు దగ్గర ఇంకా నిండుగా ఉండాలనీ చెప్పి, నిచ్చెన తానే పట్టుకుని రంగుకాగితాల దండలు కట్టించారు. మొదట రెండు వరుసలు. వీధిలోకి వెళ్ళి నిలబడి చూశారు. ఇంకో రెండు. మళ్ళీ చూశారు. చివరికి ఏడు వరుసలయ్యాయి. వసారాకు నుదురు కాలిన మనిషికి కట్టు కట్టినట్టుంది. అక్క నవ్వి, “మాస్టారికి మా యిల్లంటే ఎంత పేమో” అంది. తాతయ్య నిచ్చెన వైపు తిరిగి నిలబడ్డారు. నేను కూడిక క్రమం పన్నెండు ప్రతుల్లోనూ పేరు రాసి, అర్థం దగ్గర మాత్రం గీత గీసి వదిలేశాను. నా జీవితంలో ఒక గడిని ఖాళీగా వదలడం అదే మొదలు.

శనివారం పొద్దున్న సంఘమంతా వాకిట్లో చేరింది. అక్క అత్తగారు కూడా వచ్చారు. గడప తొక్కకుండా, వీధిలో కుర్చీ వేయించుకుని, కోర్టులో సాక్షిలా కూర్చున్నారు. హెబ్రీ అయ్యగారు బస్సు దిగి వచ్చారు. ఆరడుగుల మనిషి. చూపు కత్తిలా ఉంది. వచ్చీ రాగానే తలెత్తి, “పేరు చాలా బాగా దాచారే!” అని నవ్వారు.

అంతలో మా ఊరి గాలి తన పని తాను చేసింది. సముద్రం వైపు నుంచి ఒక్క విసురు వచ్చి ఏడు వరుసల దండలనూ మేలిముసుగు ఎత్తినట్టు పైకెత్తి, రేకుల మీదికి తోసేసింది. రెండక్షరాలూ ఎండలో తెల్లగా మెరిశాయి.

అయ్యగారు చదివారు. మళ్ళీ చదివారు. ఆయన ముఖంలో నవ్వు పోలేదు గాని కొంచెం జాగ్రత్త పడింది. ఆయన మర్యాదస్తుడు. ఏమీ అనకుండా ప్రార్థన మొదలుపెట్టేవారే. తాతయ్య అప్పుడు ఊరుకుని ఉంటే ఆ పూట గడిచిపోయేది. ఆయన నా వైపు చూశారు. నేను చేతిలోని కాగితం చూసుకుంటున్నాను, గీత గీసిన చోటు. ఆయన కూడా ఆ గీతను చూశారనుకుంటాను.

“అయ్యగారూ, ఒక్క నిమిషం” అన్నారు. అక్క వైపు తిరిగి, “అమ్మా, నీ ఇంటికి నేను చెప్పిన అర్థం తప్పు. మారా అంటే మారినది కాదు. నాకు తెలియదు. తెలియదని చెప్పలేక, తెలుసునని చెప్పాను” అన్నారు.

తాతయ్య నోటి నుంచి ‘తెలియదు’ అన్న మాట ఆ ఊరు వినడం అదే మొదటిసారి.

“మరి సరైన అర్థం ఏటి?” అని కుర్చీలోంచి అత్తగారు అడిగారు.

“చేదు” అన్నారు తాతయ్య.

“ఓలమ్మా!” ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “నాను సెప్పనేదూ? సెప్పనేదూ నాను? దేవుడే ఎబ్రీలో రాయించీసినాడు!”

అక్క తల దించుకుంది. ఎనిమిదేళ్ళ ఓపిక ఆ దించిన తలలో కనబడింది. తాతయ్య పైపంచ కొసను ముడి వేసి, విప్పి, మళ్ళీ ముడి వేస్తున్నారు. అక్క తలెత్తి ఆ చేతులను చూసింది. తన బాధ మాట మరిచి లోపలికి పోయి, నూతి నీళ్ళు గ్లాసుతో తెచ్చి మొదట ఆయనకిచ్చింది. రెండో గ్లాసు అయ్యగారికిచ్చి, “తాగి సెప్పండి. సేదుగున్నాయా?” అంది.

అయ్యగారు నిదానంగా తాగారు. “చేదు లేదు. ఉప్పు లేదు. కొంచెం సున్నం రుచి ఉందమ్మా” అన్నారు. అబద్ధమాడని ఆ మనిషి మీద జనానికి గురి కుదిరింది. అత్తగారికి మాత్రం కుదరలేదు. ఆయన చదువేపాటిదో ఆవిడ స్వయంగా చూడదలచుకున్నారు.

“తమరు ఎబ్రీ సదివినారు గదా. అయితే సెప్పండి. అబ్రాహాముది ఏ ఊరు?”

“ఊరు” అన్నారు అయ్యగారు.

“అదే అడుగుతన్నాను. ఏ ఊరు?”

“ఊరేనమ్మా.”

“ఊరే గాని అడివేటి బాబూ? ఆ ఊరి పేరేటి అంతన్నాను!”

“ఆ ఊరి పేరే ఊరు.”

“ఒరే, ఈయనకీ తెల్దురా!” అన్నారావిడ జనం వైపు తిరిగి. వెనక నిలబడ్డ వేటగాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. చిట్టచివరికి నవ్వు ముందు వరుసకు వచ్చి, అయ్యగారిని పట్టుకుంది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఆ పట్టణం పేరు నిజంగానే ఊరు అనీ, మన ఊరికీ దానికీ సంబంధం లేదనీ వివరించారు.

“పోన్లెండి. మరి ఆ పేరుకి అర్థం ఏటి?”

“నాకు తెలియదమ్మా. మంట అని కొందరంటారు. అసలది హెబ్రీ మాటే కాదని మరికొందరంటారు. నాకు తెలియదు.”

ఆయన ఆ మాటను ఎంత తేలికగా అన్నారంటే, జేబులోంచి రుమాలు తీసినట్టు తీశారు. తాతయ్య ఆయన వైపు చూసిన చూపు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. అంత చదువుకున్న మనిషి ఆ మాట అన్న తరువాత కూడా నిలబడే ఉన్నాడు, ఎండ కాస్తూనే ఉంది, ఎవరూ వెళ్ళిపోలేదు.

“పండితుడికే తెల్దంట. మన మాస్టారికి తెలిసిపోద్దేటి?” అన్నారు అత్తగారు. ఆవిడ దృష్టిలో తాతయ్య విడుదలయ్యారు.

అయ్యగారు ఇంకో మాట కూడా చెప్పారు. బాబెలు అన్న పేరుకు ఆ పట్టణస్థులు తమ భాషలో దేవుని వాకిలి అని అర్థం చెప్పుకునేవారట. హెబ్రీ వాళ్ళ చెవికి మాత్రం అది తమ భాషలోని తారుమారు అన్న మాటలా వినబడింది. “పరాయి ఊరి పేరును మన చెవితో వినడం కొత్తేమీ కాదు మాస్టారూ. మీకు ముందు చాలామంది విన్నారు” అన్నారు.

“అయితే మా ముసిలాయన ఒక్కడే కాదన్నమాట” అంది అమ్మమ్మ, ఎవరితోనూ కాకుండా.

ఇల్లు మాత్రం ఇంకా అలాగే ఉంది, నుదుటి మీద చేదుతో. అప్పుడు అత్తగారే, కొంచెం ఆలోచించి, తాతయ్యను అడిగారు. “మాస్టారా, ఆ మారా కాడ నీళ్ళు తాగీసినాక ఆ జనం అక్కడే ఉండిపోనారేటి?”

“లేదమ్మా. తరువాతి మజిలీ ఏలీము. పన్నెండు నీటి బుగ్గలు, డెబ్బై ఈత చెట్లు.”

“దానర్థం?”

తాతయ్య గొంతు సవరించుకున్నారు. “పెద్ద చెట్లు. ఇది నాకు తెలుసు. ఇంగ్లీషులో ఇ అక్షరం. చెదలు అంత దూరం రాలేదు.”

నేను పెరట్లోకి పరుగెత్తి ఈత చెట్లు లెక్కపెట్టి వచ్చి, మూడు ఉన్నాయని చెప్పాను. నూతి ఒకటి. పన్నెండుకు పదకొండూ, డెబ్బైకి అరవై ఏడూ తక్కువ. ఈ లెక్క ఎవరూ అడగలేదు.

“సాల్లే. అదే ఎట్టండి” అన్నారు అత్తగారు. చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి పట్టుకుని వీధిలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వసారాలోకి నడిచి, గడప ముందు ఒక్క క్షణం ఆగి కోడలి వైపు చూశారు. “నాను మజిలీ మజ్జిలో కూకోను. ముందుకే ఎల్తాను” అని గడప దాటి లోపలికి వెళ్ళిపోయారు. అయ్యగారు ఇంకా ప్రార్థన మొదలుపెట్టనే లేదు. లోపలి నుంచి “ఈ గిన్నిలు ఇక్కడెట్టినారేటే!” అని కేక వినబడింది. అక్క ఏడుస్తూనే నవ్వింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక తాతయ్య నా నోటుపుస్తకం అడిగి తీసుకున్నారు. అయ్యగారూ ఆయనా మా వసారాలో కూర్చుని పద్దెనిమిది పేర్లనూ వరుసగా చూశారు. హోరేబు హోరు కాదు, ఎండిన చోటు. పెనూయేలు పెనుగులాట కాదు, దేవుని ముఖం. మారా చేదు. అలా పదకొండింటికి అర్థాలు దిద్దారు. మోరీయా దగ్గరకు వచ్చేసరికి అయ్యగారు తల అడ్డంగా ఊపారు. యెరికో దగ్గర, చంద్రుడని కొందరూ సువాసన అని కొందరూ చెబుతారు గాని తేలలేదన్నారు. అలాంటివి ఏడు మిగిలాయి. ఆ ఏడు గడుల్లోనూ తాతయ్య ఎర్రసిరాతో, బడిలో మార్కులు వేసే అదే గుండ్రటి దస్తూరీతో, ‘తెలియదు’ అని రాశారు. రాసి, ఒక్కొక్కదాని కిందా సంతకం చేశారు. రెండు చుక్కలు పెట్టలేదు. ఇరవై మూడూ పదకొండూ ఏడూ కలిపితే నలభై ఒకటి. లెక్క సరిపోయింది.

మరుసటి ఆదివారం ఆయన తన వంతు అయిదు నిమిషాలు రాగానే లేచి, “ఈ వారం పేరు ఊరు. దాని అర్థం నాకు తెలియదు” అని కూర్చున్నారు. అంత పొట్టి ప్రసంగం ఆయన అంతకుముందు చేయలేదు. జనం తృప్తిగా ఇళ్ళకు వెళ్ళారు. ఎబ్రీ మాస్టారు అన్న పేరు మాత్రం పోలేదు.

సిమెంటు అక్షరాలను మేస్త్రీ చెక్కేసి, ఆ చోటనే రంగుతో ఏలీము అని రాశాడు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. వానాకాలంలో గోడ తడిసినప్పుడు ఏలీము అక్షరాల వెనక మారా మచ్చ కనబడుతుంది. ఎండ రాగానే పోతుంది. అక్క దాని మీద ఎన్నడూ పూత వేయించలేదు.

నేను పెరిగి పెద్దయి, ఒక కార్యాలయంలో దస్తావేజులు సరిచూసే ఉద్యోగంలో కుదిరాను. కాగితాల్లో ఖాళీ గడులంటే నాకు పడదని అందరికీ తెలుసు. పోయిన నెల మా మేనకోడలితో విశాఖపట్నం వెళ్తుంటే, బస్సు భోగాపురం దాటుతుండగా ఆ పిల్ల, “అత్తా, ఈ ఊరికి ఆ పేరు ఎందుకొచ్చింది?” అని అడిగింది. నోట్లో నాలుగు కథలు సిద్ధమయ్యాయి. అన్నీ చక్కగా అతికేవే, అన్నీ తెలుగులో ఎంతో కమ్మగా వినబడేవే. మింగేశాను. ఇంటికి వచ్చాక దినచర్యలో తేదీ వేసి, ప్రశ్న రాసి, ఎదురుగా ఎర్రసిరాతో ‘తెలియదు’ అని రాశాను. దాని కింద, తాతయ్య చేసినట్టే, నా సంతకం పెట్టాను.